‘గనుక’ దగ్గర ఆగుదాం: శాశ్వత ప్రేమ, సంఘం చేసే పని, మన డెల్టా ఊళ్లు

కాలవగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలండి. పంటకాలవ పక్కనున్న 45 గడపల సంఘానికి ఆరు వారాల బైబిలు స్టడీ, దాని చివర సువార్త ఆదివారం పెట్టాలనుకుంటున్నాం. మూలవాక్యాలు రెండు. యిర్మీయా 31:3, 1 యోహాను 4:19. చిక్కేంటంటే, "దేవుడు మిమ్మల్ని ప్రేమించాడు, ఇక మీరు బయల్దేరండి" అనగానే వినేవాళ్లకి అది నీటితీరువా (కాలవ నీటికి కట్టే పన్ను) కట్టమన్నట్టు వినిపిస్తుంది. ఇచ్చాడు, ఇప్పుడు వసూలు చేస్తున్నాడు అన్నట్టు. ఆ వాసన రాకుండా ఎలా బోధించాలి? బోధించాక పని ఎక్కడ మొదలుపెట్టాలి? పిడికెడు బియ్యం (వండేటప్పుడు రోజూ ఒక పిడికెడు పక్కన తీసి సంఘానికివ్వడం), వరద సాయం, ఇళ్ల దర్శనం అని మూడు అనుకున్నాం. పద్ధతి తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

పాతప్రతి

మంచి చోట పట్టుకున్నారు. మన పాత తెలుగు బైబిల్లో ఆ రెండు వాక్యాల్లోనూ నడుమ ఉన్న మాట ఒకటే, ‘గనుక’. "శాశ్వతమైన ప్రేమతో నేను నిన్ను ప్రేమించుచున్నాను గనుక విడువక నీయెడల కృప చూపుచున్నాను." రెండోది, "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము." గనుకకి ముందున్నదంతా ఆయనది. మొదటి వాక్యంలో గనుక తర్వాతదీ ఆయనదే. రెండో వాక్యానికి వచ్చేసరికిగానీ మన పేరు రాదు. మొదటి రెండు వారాలు యిర్మీయాలోనే ఉండండి, మన వంతు గురించి ఒక్క మాట కూడా ఎత్తకండి. తీరువా వాసన వచ్చేది రెండో గనుకకి తొందరపడినప్పుడే.

ద్వితీయోపదేశకాండము 7:7-8 కూడా కలపండి. మీరు విస్తార జనమని కాదు, అన్ని జనములలో లెక్కకు తక్కువే అంటాడు. మరి ఎందుకు ప్రేమించాడు? "ప్రేమించువాడు గనుకను." ప్రేమకి కారణం ప్రేమేనట. లెక్కల మాస్టారు చూస్తే ఒప్పుకోడు గానీ, వాక్యం ముందు చెప్పింది అదే. తండ్రులకు చేసిన ప్రమాణం మాట ఆ తర్వాతే వస్తుంది.

ఇక ‘విడువక కృప చూపుచున్నాను’ అన్నచోట హెబ్రీలో ఉన్న క్రియ లాగడం, సాగదీయడం అనే అర్థాల్లో వాడేది. హోషేయ 11:4లో స్నేహబంధాలతో ఆకర్షించితిని అన్నచోటా అదే క్రియ. కీర్తన 36:10లో కృపను ‘ఎడతెగక నిలుపుము’ అన్నచోటా అదే. కాబట్టి రెండు రకాలుగా చదవొచ్చు: ప్రేమతో నిన్ను నావైపు లాక్కున్నాను అని, నీమీద కృపను తెగకుండా సాగదీశాను అని. మనవాళ్లు రెండోది ఎంచుకున్నారు. రెండూ చెప్పండి, ఒకటి తప్పని మాత్రం అనకండి.

జాగ్రత్త ఒకటుంది. కొత్త సంవత్సరం వాగ్దానం కార్డు మీద ఈ వాక్యం వేసి, పేరు రాసి చేతికివ్వడం మనకి అలవాటు. అక్కడ ‘నిన్ను’ అన్నది హెబ్రీలో స్త్రీలింగ ఏకవచనం. తర్వాతి వచనంలోనే ‘ఇశ్రాయేలు కన్యకా’ అని పిలుస్తాడు. అంటే ఖడ్గం తప్పించుకుని మిగిలిన జనమంతటినీ కలిపి ఒక్క మనిషిగా పిలుస్తున్నాడు. ఆ వెంటనే షోమ్రోను కొండల మీద మళ్లీ ద్రాక్షతోటలు వేస్తారని చెబుతాడు. ఇంటి గోడకి తగిలించుకునే ముందు ఆ ‘నిన్ను’లో పక్కింటివాళ్లూ ఉన్నారని తెలియాలి.

ముక్కుసూటి

ఇదంతా బాగానే ఉందండి. కానీ గనుక దగ్గర ఆగమంటే మనవాళ్లు నిజంగానే ఆగిపోతారు. ‘శాశ్వత ప్రేమ’ అని పాడుకుని, కళ్లు తుడుచుకుని, చాపలు చుట్టేసి ఇంటికెళతారు. 1 యోహాను 4:19 తర్వాత 4:20 ఉంది. చూసిన సహోదరుణ్ణి ప్రేమించనివాడు చూడని దేవుణ్ణి ప్రేమించలేడని. దాన్ని ఏ వారానికి పెట్టారు?

పాతప్రతి

మూడో వారానికి. మీరన్నది నిజమే, పైగా 4:19లోనే దానికి ఆధారముంది. ‘ప్రేమించుచున్నాము’ అన్నాడు గానీ ఎవరిని అన్నది చెప్పలేదు. కొన్ని గ్రీకు ప్రతుల్లో ‘ఆయనను’ అని ఉంటుంది, పాత ప్రతుల్లో లేదు, మన తెలుగులోనూ లేదు. కర్మ లేని వాక్యం. ఆ ఖాళీలో తర్వాతి వచనం సహోదరుణ్ణి కూర్చోబెట్టింది. క్లాసులో అయితే 4:19 బోర్డు మీద రాసి ‘ఎవరిని?’ అని అడిగి ఊరుకోండి. జవాబు మీరు చెప్పకండి.

నాలుగో వారానికి 2 కొరింథీ 5:14 తీసుకోండి. "క్రీస్తు ప్రేమ మమ్మును బలవంతము చేయుచున్నది." ఈ రోజుల్లో బలవంతం అంటే మెడబట్టి గెంటడం. గ్రీకు మాట అది కాదు, చుట్టూ కమ్మి ఒత్తిపట్టి ఉంచడం. లూకా 8:45లో జనం యేసు మీద క్రిక్కిరిసి పడ్డారన్నచోట ఇదే క్రియ. లూకా 19:43లో శత్రువులు పట్టణాన్ని అన్ని పక్కలా అరికట్టడం అన్నచోటా ఇదే. మనకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. రెండు గట్లూ ఒత్తిపట్టబట్టే కాలవలో నీరు శివారు దాకా వెళ్తుంది. గట్టు తెగితే అదే నీరు పక్క చేలో నిలిచి నారు కుళ్లబెడుతుంది. పౌలు చెబుతున్నది గట్ల సంగతి, కర్ర సంగతి కాదు.

పాలకొల్లు పాతసంగతులు

చరిత్ర వైపు నుంచి రెండు ముక్కలు. డెల్టాలో ఈ పని మొదలైన తీరులోనే మీ ప్రశ్నకి జవాబు కొంతుంది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బౌడెన్, బీర్ దంపతులు వచ్చారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. వెనక జీతమిచ్చే సొసైటీ లేదు. తర్వాత నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా స్థిరపడ్డారు. దాన్నే గోదావరి డెల్టా మిషన్ అన్నారు. గ్రోవ్స్ చెల్లెల్నే అనాథల సంరక్షణకి పేరుపడ్డ జార్జి ముల్లర్ పెళ్లాడాడు. ఆ బంధువర్గమంతా ‘దేవుడు చూసుకుంటాడు’ అన్న మాటని ఇంటి ఖర్చుల దాకా నమ్మినవాళ్లు. నమ్మకం అక్కడిదాకా వస్తే తీరువా గొడవ ఉండదు.

రెండోది, ఈ పని దొరలతోనే మొదలవలేదు. కాకినాడ వైపు కెనడా బాప్టిస్టు మిషన్ 1874లో మొదలైందని రాస్తారు. ఆ మిషన్ మొదలుపెట్టిన మెక్‌లారిన్ రాకముందే అక్కడ థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు ఉద్యోగం మానుకుని ఊళ్లు తిరుగుతున్నాడు. సువార్త ఆదివారం నాడు దొరల ఫోటోలు మాత్రమే పెట్టే సంఘాలు ఈ పేరు కూడా చెబితే బాగుంటుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య మాట్లాడారు. రెండేళ్ల తర్వాత దోర్నకల్ బిషప్ అయినాయన, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. మీరు బీదల కోసం ఆస్తులిచ్చారు, శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆ ప్రసంగం సారాంశం. 1 కొరింథీ 13:3నే తిప్పి వాళ్ల ఒళ్లో పెట్టాడు. సాయం చేసేవాడు కుర్చీలో, పుచ్చుకునేవాడు వాకిట్లో ఉన్నంతకాలం అది ప్రేమ కింద లెక్కకి రాదని ఆయన గొడవ. బియ్యం సంచి పంచేటప్పుడు మనమూ ఇప్పుడు దొరలమే. అది గుర్తుపెట్టుకోవాలి.

లెక్కలపెట్టె

బోధ అయింది కదా, ఇక పిడికెడు బియ్యం.

వంటమనిషి పిడికిట్లో సుమారు 40 గ్రాములు పడుతుంది. రోజుకి ఒక పిడికెడైతే నెలకి ఇంటికి 1.2 కిలోలు. మీ 45 గడపలూ తప్పకుండా వేస్తే 54 కిలోలు. కానీ తప్పకుండా ఎవరూ వెయ్యరు, 35 కిలోలు అనుకుని ప్లాను వేసుకోండి. ఇంటికి 5 కిలోల చొప్పున 7 ఇళ్లు. పది ఇళ్లకని చెప్పి ఏడింటికే ఇస్తే మిగతా ముగ్గురి దగ్గర మీ మాట పోతుంది.

చెడిపోయేది ఎక్కడంటే కలిపేచోట. ఒకరు స్వర్ణ, ఒకరు సోనా, ఒకరు రేషన్ బియ్యం తెస్తారు. అన్నీ ఒకే డబ్బాలో పోస్తే ఒకటి ఉడికేసరికి ఇంకొకటి మెత్తబడిపోతుంది, పుచ్చుకున్నవాళ్లకి అది మూడు పూటల చిరాకు. మూడు డబ్బాలు పెట్టి మీద పేరు రాయండి: పాతవి, కొత్తవి, రేషన్‌వి. అప్పటికే కలిసిపోయినవి పిండికి ఆడించండి, అట్లకి పనికొస్తాయి. వానాకాలంలో చర్చిలో 30 రోజులకి మించి నిల్వ పెట్టకండి, ముక్కపురుగు పడుతుంది. డబ్బాలో ఎండిన వేపాకు వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది, తడి ఆకు వేస్తే బూజు పడుతుంది.

ఇచ్చే నెల మరీ ముఖ్యం. అందరూ డిసెంబరులో పంచుతారు. సార్వా (ఖరీఫ్ వరి) కోతలయ్యి, కూలి చేతిలో ఉండి, గింజలు ఇంట్లో ఉన్న నెల అది. కూలి ఇళ్లు నిజంగా ఇబ్బందిపడేది ఊడ్పులయ్యాక, కోతలకి ముందు. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా. క్రిస్మస్‌కి చీర కావాలేమో గానీ, బియ్యం సెప్టెంబరులో కావాలి. మీ స్టడీ ఆ నెలలోనే పెట్టుకుంటే బోధకీ పనికీ నడుమ ఎడం ఉండదు.

నర్సు గళం

లెక్కలపెట్టె గారికి ఒక చేర్పు. బియ్యమిచ్చే ఇంట్లో బాలింతో, మంచాన పడ్డ ముసలివాళ్లో ఉంటే 5 కిలోల బియ్యం కంటే 2 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, అర లీటరు నూనె మేలు. బియ్యం రేషన్‌లో ఎలాగూ కొంత వస్తుంది, పప్పే తక్కువ. షుగరున్న ఇంటికి పంచదార పాకెట్టు ఇవ్వకండి, తీసుకోడానికీ మొహమాటం, పారేయడానికీ మొహమాటం.

లంకసీమ

వరద సాయం గురించి. గోదావరి పాయల నడుమ ఉండే లంక గ్రామాలకి వెళ్లాలనుకునే సంఘాలు ముందు నీటిమట్టాలు నేర్చుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎగువన భద్రాచలంలో 43, 48, 53. భద్రాచలం నీరు మన దగ్గరికి రావడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. ఆ రోజే మీకున్న వ్యవధి. రెండో హెచ్చరిక ఇచ్చాక సాయం పేరుతో పడవెక్కి లంకలోకి వెళ్లకండి. మిమ్మల్ని కాపాడ్డానికి ఇంకో పడవ రావాల్సొస్తుంది. పులిహోర పొట్లాలు కూడా వద్దు. ఉదయం కట్టినవి సాయంత్రానికి పులుస్తాయి. అటుకులు, మరమరాలు, బెల్లం, బిస్కెట్లు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, రెండు పొరల కవర్లో గట్టిగా మూతికట్టి పంపండి.

లంకవాళ్లు ఇల్లు వదలకపోవడానికి సగం కారణం పశువులు. గేదెని వదిలి ఎవరు వస్తారు? యోనా గ్రంథం చివరి మాట చూడండి. కుడియెడమలు ఎరుగని లక్షా ఇరవై వేలకంటె ఎక్కువమంది, ఆపైన ‘బహు పశువులు’. దేవుడు జాలిపడేవాళ్ల జాబితాలో పశువులున్నాయి. మన కిట్లలో మాత్రం ఎండుగడ్డి ఉండదు. ఏటిగట్టు మీదికి పది మోపుల ఎండుగడ్డి ముందే చేరిస్తే ఆ లంకలో నాలుగు కుటుంబాలు త్వరగా కదులుతాయి. ఇది ప్రసంగం కంటే బాగా పనిచేస్తుంది. గడ్డి తడవకుండా బరకం కప్పడం మర్చిపోకండి, తడిసి ముక్కిన గడ్డి పశువుకి పెట్టకూడదు.

పాతప్రతి

యోనా మాట వచ్చింది కాబట్టి, 4:2 ఐదో వారానికి పెట్టుకోండి. నీవు కటాక్షమును జాలియును గల దేవుడవని ‘నాకు తెలుసు, అందుకే పారిపోయాను’ అంటాడు. దేవుని ప్రేమ గురించి సిద్ధాంతం అంతా సరిగ్గా తెలిసిన మనిషి, ఆ ప్రేమ నీనెవెకి, అంటే దేవుడు తనని వెళ్లమన్న పరాయి పట్టణానికి, వెళ్లడం ఇష్టంలేని మనిషి. శాశ్వత ప్రేమ తెలిస్తే సువార్త దానంతటదే వస్తుందని మనం చెబుతుంటాం. రాదు. ఆ ప్రేమ ఎవరి వాకిట్లోకి వెళ్లకూడదని మనం లోలోపల అనుకుంటున్నామో, ఆ వాకిలి పేరు బయటికి రావాలి.

ముక్కుసూటి

పేరు బయటికి రావాలన్నారు కాబట్టి చెబుతున్నాను, ఎవరూ ఏమనుకోకండి. ఈ పేటవాళ్ల చర్చి, ఆ పేటవాళ్ల చర్చి అని ఒకే ఊళ్లో రెండు గంటలు మోగుతుంటే, లంక దాటి సువార్తకి వెళ్లడం దేనికి? క్రిస్మస్ ప్రేమవిందులో ఎవరు వడ్డిస్తారు, ఎవరు చివరి బంతిలో కూర్చుంటారు? 1 కొరింథీ 11:21 అదే గొడవ. ఒకడు ఆకలిగొంటున్నాడు, ఇంకొకడు మత్తులో ఉన్నాడు. పౌలు దానికి ప్రసంగం ఒక్కటే చెప్పి వదల్లేదు. ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకోండి అని పద్ధతి మార్చమన్నాడు. మన పద్ధతి: పక్క పేటవాళ్లని ముందు బంతిలో కూర్చోబెట్టి, సంఘ పెద్దలు చివరి బంతిలో తినాలి. కూర అయిపోతే వాళ్లకే అయిపోవాలి.

కాలవగట్టు

ముక్కుసూటి అన్నా, కష్టమైన మాటే గానీ రాసుకున్నాను. ఇంకో ప్రశ్న. బియ్యం సంచిలో సువార్త కరపత్రం వెయ్యాలని యూత్ అంటున్నారు. పెద్దలు వద్దంటున్నారు. ఏది సరి?

సువార్తసంచి

వెయ్యాలి. మాట లేకుండా సంచి ఇస్తే అది ఏ క్లబ్బైనా చేస్తుంది. రోమా 10:14 ప్రకటించువాడు లేకుండ ఎట్లు విందురు అంటుంది. మన నిరీక్షణకి హేతువు దాచిపెట్టి సాయం చేయడం కూడా ఒక రకం మోసమే. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో తెలిసే హక్కు పుచ్చుకున్నవాళ్లకుంది.

ముక్కుసూటి

ఆకలితో ఉన్నవాడి చేతిలో రెండూ కలిపి పెడితే, కరపత్రం బియ్యానికి ధర అయిపోతుంది. తీసుకోకపోతే వచ్చే నెల సంచి రాదేమోనని తీసుకుంటాడు. అప్పుడు గనుక తిరగబడింది కదా! ‘మీరు నమ్మితిరి గనుక మేము ప్రేమించుచున్నాము.’ తీరువా వద్దంటూనే తీరువా పెట్టాం. బయటివాళ్లు బియ్యానికి మతం మార్చారని అంటే కోపమొస్తుంది మనకి. ముందు అనడానికి చోటు ఇవ్వకుండా ఉండాలి కదండీ.

పాతప్రతి

యోహాను 6 చూడండి ఇద్దరూ. ఐదు రొట్టెలు, ఐదువేలమంది పురుషులు. తినిపించిన రోజు ఆయన ప్రసంగించినట్టు యోహాను రాయలేదు. పైగా రాజును చేస్తారని తెలిసి కొండకి తప్పుకున్నాడు. 22వ వచనం ‘మరునాడు’ అని మొదలవుతుంది. జీవాహారం మాట ఆ మరునాడు, వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో, కపెర్నహూములో. రొట్టెల కోసం వచ్చారని వాళ్ల మొహం మీదే అన్నాడు కూడా. 66వ వచనంలో చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. అలా వెళ్లిపోయినవాళ్లని తిన్న రొట్టె గురించి ఒక్క మాట అనలేదు. కాబట్టి మాట ఉండాలి, సువార్తసంచి గారు చెప్పింది నిజం. సంచి నాడు మాత్రం కాదు. మరునాడు.

సువార్తసంచి

మరునాడు అంటే ఎన్నాళ్లు? మనవాళ్లకి మరునాడు అంటే వచ్చే క్రిస్మస్.

లంకసీమ

బియ్యమిచ్చేవాళ్లు వేరు, దర్శనానికి వెళ్లేవాళ్లు వేరు ఉండాలి. ఇద్దరి జాబితాలూ వేరుగా పెట్టండి. దర్శనం జట్టుకి ఎవరికి బియ్యం వెళ్లిందో తెలియకూడదు. తెలియకపోతే అడగరు, గుర్తుచెయ్యరు. వాళ్లు వీధి వరసన అన్ని ఇళ్లకీ వెళతారు. ముగ్గురు చాలు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. సాయంత్రం నాలుగు దాటాక, పూటకి నాలుగు ఇళ్లు, ఇంటికి పావుగంట. ఊడ్పుల రోజుల్లో, కోతల రోజుల్లో అసలు వద్దు, అలిసిపోయి వచ్చిన మనిషి ముందు కూర్చుని పాట ఎత్తుకోవడం ప్రేమ కాదు. గడప బయట నిలబడి "రావచ్చా అండి" అని అడగాలి. వద్దంటే నవ్వి వెళ్లాలి. ప్రార్థన చెయ్యమంటారా అని అడిగాకే చెయ్యాలి. మైకు వద్దు. ఎవరైనా మీరు ఇదంతా ఎందుకు చేస్తున్నారని అడిగితే, 1 పేతురు 3:15 అక్కడ పనికొస్తుంది. అడిగినవాడికి సమాధానం, అదీ సాత్వికంతో. కరపత్రం అప్పుడు జేబులోంచి తియ్యండి.

ఫోటోలు వద్దు. వాట్సాప్ గ్రూపులో సంచి పట్టుకున్న చెయ్యి కనబడితే ఆ ఊళ్లో ఆ చెయ్యి ఎవరిదో అందరికీ తెలుస్తుంది.

లెక్కలపెట్టె

జాబితా ఎవరు రాయాలన్నది ఇంకా ఎవరూ అడగలేదు. అపొస్తలుల కార్యములు 6 తీయండి. రోజూ పంచేదాంట్లో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రని వదిలేస్తున్నారని సణుగుడు వచ్చింది. అప్పుడు ఏడుగురిని పెట్టారు: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. సణిగినవాళ్ల వైపువాళ్ల చేతికే గరిట ఇచ్చారన్నమాట. మీ దగ్గర ఎప్పుడూ మిగిలిపోయే వీధి ఏదో, శివారున కాలవ నీళ్లు అందని చోట ఉండే ఇళ్లు ఏవో, అక్కడి మనిషికి జాబితా అప్పగించండి. లేకపోతే ప్రతి నెలా అవే ఆరు ఇళ్లు వస్తాయి, అందులో రెండు పెద్దల బంధువులవి.

డబ్బు సంగతి. 2 కొరింథీ 8:20-21, ప్రభువు దృష్టికే కాదు మనుష్యుల దృష్టికీ యోగ్యంగా. పెట్టె తెరిచేటప్పుడు ఇద్దరుండాలి, వాళ్లు ఒకే కుటుంబం కాకూడదు. లెక్కించి, చీటీ మీద ఇద్దరూ సంతకం చేసి, మర్నాడే బ్యాంకులో వెయ్యాలి. ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదవడం మానెయ్యండి. మత్తయి 6:3 కుడిచెయ్యి, ఎడమచెయ్యి అంటుంటే మనం ఊరంతటికీ వినిపిస్తున్నాం. మొత్తం ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది మాత్రం నెలనెలా గోడకి అంటించండి. పేర్లు గుట్టు, లెక్క బాహాటం. మన సంఘాల్లో సరిగ్గా దీనికి తలకిందులు జరుగుతుంది.

కోనసీమ, నరసాపురం వైపు గల్ఫ్ నుంచి కానుకలు చాలా వస్తాయి కాబట్టి ఇంకొకటి. కువైట్‌లో పనిచేస్తున్నా భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే వస్తుంది. అప్పుడు సంఘానికి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాలోనే పడాలి. ఆ సోదరుడు నా పర్సనల్ అకౌంటుకి పంపాడు, నేను చర్చికి ఇస్తాను అంటే చెల్లదు. పంపిన మనిషి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడం మొహమాటమే, అయినా అడగాలి.

నర్సు గళం

వరద తగ్గాక నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. జబ్బులు వచ్చేది అప్పుడే. ఊరి బావి శుద్ధి చెయ్యాలంటే పంచాయతీకి, ఆరోగ్య కార్యకర్తకి చెప్పి, వాళ్లతో కలిసి చెయ్యండి. లెక్క ఇది: బావి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 3.14తో గుణించి, 4తో భాగించాలి. వచ్చింది ఘనపు మీటర్లు, ఒక్కోటి 1000 లీటర్లు. వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు. 2 మీటర్ల వ్యాసం, 3 మీటర్ల నీరు ఉంటే సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాముల దాకా. నేరుగా బావిలో చల్లకండి. బకెట్లో ముద్ద చేసి, నీళ్లు కలిపి, పది నిమిషాలు సున్నం అడుక్కి దిగనిచ్చి, పైతేట మాత్రమే బావిలోకి దించి కలియబెట్టాలి. గంట ఆగాక తోడుకోవచ్చు. వరద నీరు కలిసి బురదగా ఉన్న బావి అయితే ముందు తోడించాలి, బురదలో క్లోరిన్ పనిచెయ్యదు. మూత తీసి నెలలు గడిచిన బస్తాలో పౌడరుకి ఘాటు పోయి ఉంటుంది, అది వాడితే శుద్ధి చేశామన్న ధైర్యం తప్ప ఏమీ మిగలదు.

విరేచనాలకి ఓఆర్ఎస్ పాకెట్టు దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటికి సమంగా గీసిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం, చేతివాటంగా వెయ్యకండి.

ఇది సువార్త చర్చలో ఎందుకని ఎవరైనా అంటారేమో. 1 యోహాను 3:18, మాటతోను నాలుకతోను కాక క్రియతోను. క్రియ అంటే కొలత కూడా కదండీ.

పాలకొల్లు పాతసంగతులు

ఆ లెక్క కాగితం మీద రాసి బావి గట్టున అంటిస్తే కరపత్రం కంటే ఎక్కువమంది చదువుతారు.

కాలవగట్టు

అందరికీ కృతజ్ఞతలండి. మార్చిన ప్లాను ఇది. 1, 2 వారాలు యిర్మీయా, ద్వితీయోపదేశకాండము. 3వ వారం 1 యోహాను. 4వ వారం 2 కొరింథీ, గట్ల సంగతి. 5వ వారం యోనా, పశువులతో సహా. 6వ వారం యోహాను 6, ‘మరునాడు’. బియ్యం ఆగస్టు చివర్లో మొదలు, మూడు డబ్బాలు, ఏడు ఇళ్లు. జాబితా శివారు వీధి అక్కయ్య చేతికి. సువార్త ఆదివారం నాడు పక్క పేటవాళ్లకి ముందు బంతి. ఈ ఒక్కటి మాత్రం పెద్దలింకా తేల్చలేదు. గోడ మీద రాయించే మూలవాక్యం 1 యోహాను 4:9 అని పెయింటరుకి చెప్పేశాం, రేపు వస్తున్నాడు.

పాతప్రతి

4:9 కాదండి, 4:19. గనుక ఉన్నది 19లో. 4:9లో ఆయన తన కుమారుని లోకములోనికి పంపెను అని ఉంటుంది. పెయింటరు వేసేశాక చూసుకుంటే దాన్నే ఉంచెయ్యండి, అదీ మీ అంశమే. వెయ్యకపోతే ఈ రాత్రే ఫోన్ చెయ్యండి.

ముక్కుసూటి

ముందు బంతి సంగతి తేలాక ఇక్కడ రాయండి.